సభ్యులకు 2024–25 వార్షిక నివేదిక: రేసు నుంచి తప్పుకున్న కంపెనీలు, మన ఏడాది పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

ప్రతి ఏటా ఈ నివేదిక జమాఖర్చులతో మొదలవుతుంది. ఈసారి లెక్కలను కోశాధికారి సర్వసభ్య సమావేశంలో విడిగా చదివి వినిపిస్తారు. నేను మాత్రం 2024 నవంబరు 29తో మొదలుపెడతాను. బండ్ల పని చేసే, రేసులు చూసే మన సంఘం ఈ ఏడాది చేసిన పనుల్లో చాలా భాగం ఆ రోజు వచ్చిన వార్త చుట్టూనే తిరిగాయి.

ఆ రోజు ఆస్ట్రియాకు చెందిన మోటారు సైకిళ్ల కంపెనీ కేటీఎం అప్పులు తీర్చే దారి లేక కోర్టు మెట్లెక్కింది. అప్పులు దాదాపు 200 కోట్ల యూరోలు. దాదాపు ఏడాది ఉత్పత్తికి సమానమైన బండ్లు అమ్ముడుపోక గోదాముల్లో పేరుకుపోయాయి. సాయంత్రానికి నల్లగొండ క్లాక్ టవర్ సెంటరు దగ్గరి మన గదిలో ఫోను ఆగకుండా మోగింది. కేటీఎం డ్యూక్ బండ్లున్న కుర్రవాళ్లు ‘స్పేర్లు దొరుకుతాయా?’ అని అడిగారు. ఆదివారాలు మనతో కూర్చుని మోటోజీపీ, అంటే మోటారు సైకిళ్ల ప్రపంచ స్థాయి రేసు, చూసేవాళ్లు ‘వచ్చే ఏడాది కేటీఎం గ్రిడ్‌లో (రేసు మొదలయ్యే వరుసలో) ఉంటుందా?’ అని అడిగారు.

మొదటి ప్రశ్నకు ధైర్యంగానే జవాబు చెప్పాం. మన వీధుల్లో తిరిగే డ్యూక్‌లు, ఆర్‌సీలు పుణె దగ్గర చాకన్‌లో బజాజ్ ఆటో తయారుచేస్తున్నవి. బజాజ్ 2007లోనే కేటీఎంలో వాటా కొన్నది. 2012లో 200 డ్యూక్ మన మార్కెట్లోకి వచ్చింది. కాబట్టి అక్కడ ఇబ్బంది వచ్చిన మాత్రాన ఇక్కడ క్లచ్ ప్లేట్లకు కరవు రాదని చెప్పి పంపాం.

రెండో ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. కంపెనీని నిలబెట్టే ప్రణాళికలో మోటోజీపీ నుంచి తప్పుకోవడం కూడా ఉందని డిసెంబరులో వార్తలు వచ్చాయి. 2025లో మాత్రం పోటీలో ఉంటామని కంపెనీ చెప్పింది, ఉంది కూడా. ఫిబ్రవరి 25న అప్పులిచ్చినవాళ్లు తమకు రావలసిన దానిలో 30 శాతం తీసుకుని మిగిలింది వదులుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ 30 శాతం కట్టడానికి గడువు మే నెల. చివరికి ఆ గడువుకు ముందు బజాజే ముందుకు వచ్చి, అంతకుముందు ఇచ్చినదానితో కలిపి 80 కోట్ల యూరోల సాయం ప్రకటించింది. మే 22న ఆ వార్త వచ్చినప్పుడు మన గదిలో చప్పట్లు కొట్టారు. మన దేశపు కంపెనీ ఒకటి ఐరోపా రేసు జట్టు ఊపిరి నిలిపే స్థితికి రావడం నాకూ గర్వంగానే అనిపించింది. అయితే ఆ డబ్బు ఇచ్చింది కంపెనీని కాపాడటానికే తప్ప రేసును కాపాడటానికి కాదు. ఈ తేడాను సభ్యులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. రేసు జట్టును ఎంతకాలం పోషించాలో ఇకపై పద్దు పుస్తకం చూసి నిర్ణయిస్తారు.

ఈ నేపథ్యంలోనే జనవరి నుంచి ఆదివారం సమావేశాల్లో ఒక వరుస ప్రసంగాలు పెట్టుకున్నాం. విషయం ఒక్కటే: తయారీదారులు రేసులోకి ఎందుకు వస్తారు, ఎందుకు వెళ్లిపోతారు. హాలియా, మిర్యాలగూడ, దేవరకొండ నుంచి కూడా మెకానిక్కులు వచ్చారు. పాలమూరు నుంచి ముగ్గురు ప్రతిసారీ బస్సులో వచ్చి కూర్చున్నారు. వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. రాలేకపోయినవారి కోసం ఆ ప్రసంగాల సారాంశం కొంత ఇక్కడ రాస్తున్నాను.

మోటోజీపీలో పరుగెత్తే బండి షోరూములో దొరకదు. అది రేసు కోసమే ప్రత్యేకంగా చేసిన యంత్రం. దాన్ని అమ్మి కంపెనీ రూపాయి సంపాదించదు. పేరు కోసం, ఇంజనీర్ల నేర్పు పెరగడం కోసం ఖర్చు పెడుతుంది. కాబట్టి అమ్మకాలు పడిపోయిన రోజున ముందుగా కత్తెర పడేది ఆ ఖర్చు మీదే. అమ్మకాలు బాగున్నా, యజమానుల మనసు మరో వ్యాపారం మీదికి మళ్లితే అప్పుడూ అంతే.

ఇది కొత్త సంగతి కాదు. 1957 సీజను ముగిశాక ఇటలీలో గిలేరా, మోండియల్, మోటో గుజ్జీ మూడూ ఒక్కసారిగా తప్పుకున్నాయి. అక్కడి జనం మోటారు సైకిళ్లు వదిలి చిన్న కార్లు కొనడం మొదలుపెట్టిన కాలం అది. మోటో గుజ్జీ అప్పటికే ఆనాటి పెద్ద తరగతి అయిన 500 సీసీలో ఎనిమిది సిలిండర్ల ఇంజను కట్టి పరుగెత్తిస్తున్నది. మన లేత్ పనివాళ్లకు ఆ ఇంజను బొమ్మ చూపిస్తే చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంత చిన్న పిస్టన్లను, అంత దగ్గర దగ్గరగా, ఆ రోజుల పనిముట్లతో చేయడం అంటే ఏమిటో వారికి తెలుసు. అలాంటి ఇంజను పక్కన పడిపోయింది. తోటి కంపెనీలు వెళ్లినా ఎంవీ అగుస్టా మాత్రం ఉండిపోయింది. 1958 నుంచి 1974 వరకు 500 సీసీ రైడర్ల టైటిల్ ప్రతి ఏడాదీ ఎంవీ అగుస్టా నడిపినవారికే దక్కింది. పోటీ లేని చోట గెలిచిన గెలుపు అని దాన్ని తేలికగా తీసేసేవారున్నారు. నేను ఒప్పుకోను. మిగతావాళ్లు వెళ్లిపోయాక కూడా ఇంజను మీద పని ఆపకపోవడమే గొప్ప.

1967 సీజను తర్వాత హోండా వెళ్లిపోయి, 1979లో గాని తిరిగి రాలేదు. ప్రపంచ ఆర్థిక సంక్షోభం సమయంలో, 2009 జనవరిలో, కవాసాకి తప్పుకుంది. అప్పటికి కొత్త సీజను కోసం బండి సిద్ధమవుతున్నది. ఆ బండినే హయాటే అనే పేరుతో, కంపెనీ అండ దాదాపు లేకుండా, మార్కో మెలాండ్రి ఏడాదంతా నడిపాడు. ల మాన్‌లో రెండో స్థానం తెచ్చాడు. ఈ సంగతి చెప్పినప్పుడు మన కుర్ర మెకానిక్కుల ముఖాలు వెలిగిపోయాయి. స్పేర్లు సరిగా అందని బండిని పట్టాల మీద ఉంచడం ఎంత కష్టమో వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అందరినీ ఎక్కువగా బాధపెట్టింది సుజుకి కథ. ఒకసారి 2011 చివర తప్పుకుని 2015లో తిరిగి వచ్చిన కంపెనీ అది. 2020లో, కంపెనీకి నూరేళ్లు నిండిన ఏడాదే, జోన్ మిర్ ప్రపంచ విజేత అయ్యాడు. 2026 వరకు ఒప్పందం ఉంది. అయినా 2022 మే మొదట్లో, హెరెజ్‌లో రేసు ముగిసిన మర్నాడు, ఇక ఈ ఏడాదితో సరి అని జట్టుకు చెప్పారు. వాహన రంగంలో వస్తున్న పెద్ద మార్పులకు డబ్బు, మనుషులు కావాలన్నది కంపెనీ చెప్పిన కారణం. జట్టులోని మెకానిక్కులు తమ పని పోతుందని తెలిసి కూడా మిగతా సీజను అంతా అదే శ్రద్ధతో బండ్లు కట్టారు. అలెక్స్ రిన్స్ అక్టోబరులో ఫిలిప్ ఐలాండ్‌లో గెలిచాడు. నవంబరు 6న వాలెన్సియాలో, ఆ జట్టు పరుగెత్తిన చివరి రేసులో, మళ్లీ గెలిచాడు. మరుసటి ఏడాది గ్రిడ్‌లో రైడర్లు 24 నుంచి 22కు తగ్గారు. వెళ్లిపోతున్న కంపెనీ బండిని అంత బాగా బిగించిన ఆ మనుషులకు మన సంఘం తరఫున నమస్కారం చెప్పాలని సభలో ఒక సభ్యుడు లేచి అన్నాడు. అందరూ నిలబడ్డారు. నా పదవీకాలంలో ఎన్నడూ మరిచిపోలేని సాయంత్రం అది.

మహీంద్రా గురించి చాలామంది అడిగారు. 2011లో 125 సీసీ తరగతితో గ్రాండ్ ప్రీ ప్రపంచ పోటీలకు వెళ్లిన మొదటి భారతీయ తయారీదారు అది. తర్వాత ఆ తరగతి స్థానంలో వచ్చిన మోటో3లో కొనసాగింది. 2016లో అస్సెన్‌లో ఫ్రాన్సెస్కో బన్యాయా ఆ కంపెనీకి మొదటి గెలుపు తెచ్చాడు. 2017 చివర ఫార్ములా ఈ (కరెంటు కార్ల రేసు) మీద దృష్టి పెట్టడానికి కంపెనీ మోటారు సైకిల్ రేసు వదిలింది. బన్యాయా తర్వాత 2022, 2023లలో మోటోజీపీ విజేత అయ్యాడు. మన బండి మీద పాఠం నేర్చుకున్నవాడు శిఖరానికి చేరేనాటికి మన బండి అక్కడ లేదు. ఈ బాధ నాకు ఇంకా తీరలేదు. నిర్వాహకులూ ఇలాగే వస్తారు, పోతారు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ చుట్టూ 2023 ఫిబ్రవరిలో జరిగిన ఫార్ములా ఈ రేసు మరుసటి ఏడాది రద్దయింది. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన మోటోజీపీ 2024లో జరగలేదు, 2025 క్యాలెండరులోనూ లేదు.

ఇక మన ఇంటి సంగతి. జనవరి చివర మనం పెట్టుకున్న ఫ్యూయల్ ఇంజెక్షన్ శిక్షణ శిబిరానికి ఒక వాహన కంపెనీ ఇంజను లోపాలు చదివే స్కానర్లు, శిక్షకులు, భోజనాల ఖర్చు ఇస్తామని మాట ఇచ్చింది. బ్యానర్లు కూడా అచ్చయ్యాయి. శిబిరానికి పన్నెండు రోజుల ముందు, ప్రచార ఖర్చులు తగ్గించుకుంటున్నామని ఉత్తరం వచ్చింది. ఉత్తరం రాసిన ఉద్యోగి మీద నాకు కోపం లేదు. కాని కంపెనీ పేరును మన పేరు కంటే పెద్ద అక్షరాల్లో వేయించడానికి సంతకం చేసింది నేనే. దానికి సభ్యులను క్షమాపణ కోరుతున్నాను.

శిబిరం ఆగలేదు. ఒక సభ్యుడు తన సొంత స్కానర్ తెచ్చాడు. పాలిటెక్నిక్ అధ్యాపకుడు ఒకరు రెండు రోజులు పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. భోజనాలు సభ్యుల ఇళ్ల నుంచి వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలతో కొత్త బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక కార్బురేటర్ తెలిసినంత మాత్రాన పని దొరకడం లేదు. ఎర్రర్ కోడు చదవడం, ఆక్సిజన్ సెన్సరు పరీక్షించడం, ఇంజెక్టర్ శుభ్రం చేయడం, ఈ మూడూ చేతితో చేయించి నేర్పారు. వచ్చే ఏడాది నుంచి సభ్యుల చందాతో కుదిరేంత శిబిరమే పెట్టాలని, కంపెనీ ఇచ్చేది వస్తే పనిముట్ల రూపంలో మాత్రమే తీసుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలి.

మిగిలిన కార్యక్రమాలు క్లుప్తంగా. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ రేసు చూడటానికి సభ్యుల బృందం వెళ్లి వచ్చింది. 1982లో మొదలైన టీవీఎస్ రేసింగ్ ఇప్పటికీ అక్కడ బండ్లు దింపుతూ ఉండటం చూసి వచ్చినవారు సంతోషంగా చెప్పారు. హెల్మెట్ల ప్రచారం రెండు సార్లు జరిగింది. సాగర్ రోడ్డు మీద రాత్రిపూట పందెం కట్టి బండ్లు తోలిన ఇద్దరు యువ సభ్యులను ఆరు నెలలు దూరంగా ఉంచాం. వారి ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడాం. రేసు ట్రాక్ మీదే జరగాలి. ఈ విషయంలో కార్యవర్గం ఎవరి మొహమాటానికీ లొంగదు.

చివరగా స్పేర్ల పట్టిక గురించి. టీవీఎస్, సుజుకి 2001లో విడిపోయాక ఆ కాలపు బండ్ల భాగాల కోసం మనం ఎంత తిరిగామో పాత సభ్యులకు గుర్తుంది. యమహా ఆర్‌ఎక్స్ 100 సంగతీ అంతే. ఎవరి షాపులో ఏ పాత భాగం ఉందో రాసుకునే ఒక పుస్తకం ఈ ఏడాది మొదలుపెట్టాం. ఇప్పటికి నల్లగొండ, మిర్యాలగూడ షాపుల వివరాలు ఎక్కాయి. సూర్యాపేట, నకిరేకల్ మిగిలాయి. ఆ పుస్తకం సాయంతోనే మన షెడ్డులోని టీవీఎస్ సుజుకి షోగన్‌కు క్రాంక్ బేరింగులు, ఆయిల్ సీళ్లు దొరికాయి. ఇంజను స్టార్టయింది. ఎడమవైపు సైడు మూత మాత్రం ఇంకా దొరకలేదు. ఎవరి అటక మీదైనా ఉంటే, రంగు పోయినా సరే, సమావేశం రోజు తీసుకురండి.

కార్యదర్శి
నల్లగొండ, జూన్ 2025