మీ ఇంట్లో నేను పెట్టిన బ్యాకప్ బాక్సుల గురించి

ఒంగోలులో మా షాపు ద్వారా 2013 నుంచి 2018 లోపు ఇంట్లో నెట్‌వర్క్ డ్రైవ్ పెట్టించుకున్న అందరికీ ఇది రాస్తున్నాను. రౌటర్ పక్కన ఉండే నల్ల డబ్బా, లోపల రెండు హార్డ్‌డిస్కులు, ముందు చిన్న లైట్లు. బ్యాకప్ బాక్స్ అని పిలుచుకుంటున్నాం. నలభై ఇళ్ళ దాకా పెట్టి ఉంటాను. పెట్టిన రోజు అందరికీ ఒకటే మాట చెప్పాను: "ఇక దీని సంగతి మీరు మర్చిపోవచ్చు." మీరు నా మాట నమ్మి మర్చిపోయారు. నేనూ మర్చిపోయాను. తప్పు అక్కడ జరిగింది, అది నా తప్పు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ అయిపోయింది. దాంతో చాలామంది కొత్త లాప్‌టాప్ తీసుకున్నారు, లేదా పాతదానిలో విండోస్ 11 వేయించుకున్నారు. అప్పటి నుంచి "బాక్స్ కనపడటం లేదు" అని ఫోన్లు మొదలయ్యాయి. అలా ఇప్పటిదాకా పదకొండు ఇళ్ళకు వెళ్ళాను. ఆరు ఇళ్ళలో బ్యాకప్ ఈమధ్య కాదు, చాలా ముందే ఆగిపోయి ఉంది. ఒక ఇంట్లో ఏడాదిన్నర అయింది. ఆ ఇంటివాళ్ళు రోజూ ఆ పచ్చ లైటు చూస్తూ అంతా బాగానే ఉందనుకున్నారు. ఆ లైటు వెలిగితే బాక్సుకు కరెంటు వస్తోందని మాత్రమే అర్థం. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

కందుకూరులో రిటైరైన తెలుగు లెక్చరర్ గారి విషయం ముందు చెప్తాను. మాస్టారి పాత కంప్యూటర్ మదర్‌బోర్డ్ పోయింది. "ఫైళ్ళన్నీ బాక్సులో ఉన్నాయి సార్, మీకేం టెన్షన్ వద్దు" అని కొత్త లాప్‌టాప్ ఇచ్చి, బాక్సులోంచి అన్నీ వెనక్కి తీశాను. ఫొటోలు వచ్చాయి. పెన్షన్ కాగితాల స్కాన్లు వచ్చాయి. రెండో రోజు పొద్దున్నే ఫోన్: "ఏమయ్యా, నా పద్యాలు సగం లేవే?"

వెళ్ళి చూస్తే కందాలన్నీ ఉన్నాయి, ఆటవెలదులు ఉన్నాయి. సీసాలు చాలావరకు లేవు. చాలాసేపు నాకు అంతుపట్టలేదు. పద్యం ఛందస్సును బట్టి బ్యాకప్ ఆగడమేమిటి? చివరికి మాస్టారు ఫైళ్ళకు పేర్లు పెట్టే పద్ధతి చూశాక విషయం తెలిసింది. ఆయన ప్రతి ఫైలుకూ పద్యం మొదటి పాదమే పేరుగా పెడతారు. కందంలో మొదటి పాదం చిన్నది. సీసంలో చాలా పొడుగు. దాని పక్కనే ఆ పద్యం ఏ సభలో చదివారో, ఎవరి గురించి రాశారో కూడా పేరులోనే రాసుకుంటారు.

బాక్సు లోపల నడిచేది విండోస్ కాదు, లినక్స్ అనే సిస్టమ్. దానిలో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటుతో సరిపోతుంది. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కావాలి. గుణింతం గుర్తూ లెక్కే, పొల్లూ లెక్కే. 'స్త్రీ' మనకు ఒక అక్షరం. కంప్యూటర్‌కు ఆరు గుర్తులు, 18 బైట్లు. విండోస్ మాత్రం ఇలా బైట్లు లెక్కపెట్టదు, గుర్తుకు ఒకటి చొప్పున 255 దాకా ఒప్పుకుంటుంది. అందుకే మాస్టారి కంప్యూటర్లో ఆ పేర్లకు ఏ ఇబ్బందీ రాలేదు. పైగా విండోస్‌లో ఫైల్ హిస్టరీ అనే బ్యాకప్, ప్రతి కాపీ పేరు చివర తేదీ, టైము తగిలిస్తుంది. దానికి ఇంకో 26 బైట్లు పోతాయి. మొత్తం మీద తెలుగు పేరు సుమారు 75 గుర్తులు దాటితే ఆ ఫైలు బాక్సులోకి వెళ్ళదు. బ్యాకప్ దాన్ని వదిలేసి తర్వాతి ఫైలుకు పోతుంది. తెర మీద ఏమీ చెప్పదు, ఎక్కడో లోపల లాగ్ అనే రికార్డు ఫైలులో ఒక లైను రాసుకుంటుంది. ఎన్‌క్రిప్షన్ (తాళం లాంటి రక్షణ) పెట్టిన ఫోల్డర్లయితే కొన్ని బాక్సుల్లో హద్దు ఇంకా తక్కువ, 143 బైట్లే.

పాత కంప్యూటర్లో పోయింది మదర్‌బోర్డ్ ఒక్కటే, హార్డ్‌డిస్క్ బాగుంది. కాబట్టి సీసాలన్నీ దానిలోంచి తీసి ఇచ్చాను. డిస్కే పోయి ఉంటే నలభై ఏళ్ళుగా ఆయన సభల్లో చదివిన పద్యాలు పోయేవి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీలో తెలుగులో పొడుగు పేర్లు పెట్టుకునేవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. "అమ్మానాన్నల షష్టిపూర్తి" అని మొదలుపెట్టి ఊరు, తేదీ, వచ్చిన చుట్టాలు అన్నీ పేరులోనే రాసే ఇళ్ళు ఉన్నాయి. తెలుగు పేర్లు మానేయమని మాత్రం నేను చెప్పను. పేరు చిన్నది పెట్టి, మిగతా వివరం ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకోండి.

ఇప్పుడు నేను చేసిన అడ్డదారి గురించి.

కంప్యూటరూ బాక్సూ మాట్లాడుకునే భాషను ఎస్ఎంబి అంటారు. దాని మొదటి వెర్షన్ 1980ల నాటిది. 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ పాత వెర్షన్‌లో ఉన్న లోపం ద్వారానే. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లకు కూడా అది తగిలిందని అప్పట్లో పేపర్లలో చదివాం. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసే కంప్యూటర్లలో మొదటి వెర్షన్ మెల్లగా లేకుండా పోతూ వచ్చింది. అది మంచికే. కానీ మీ బాక్సుల్లో చాలావాటికి ఆ భాష ఒక్కటే వచ్చు. ఫార్మాట్ చేశాక బాక్స్ మాయమయ్యేది, "నెట్‌వర్క్ పాత్ దొరకలేదు" అని 0x80070035 ఎర్రర్ వచ్చేది.

అప్పుడు నేను ఏం చేశానంటే, విండోస్ ఫీచర్లలోకి వెళ్ళి ఎస్ఎంబి 1 పక్కన టిక్ పెట్టాను. ఐదు నిమిషాల పని. బాక్స్ మళ్ళీ కనపడేది, మీరు సంతోషించేవారు, నేను తర్వాతి ఇంటికి పోయేవాణ్ణి. ఎన్ని ఇళ్ళలో అలా చేశానో నా డైరీలో ఉంది: పంతొమ్మిది. ప్రమాదం అని మూసేసిన తలుపును మిమ్మల్ని అడగకుండా నేను తెరిచాను. మీకు చెప్పి, బాక్సు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, దాని సెట్టింగ్స్‌లో రెండో వెర్షన్ ఆన్ చేసి ఉండాల్సింది. కొన్ని బాక్సులకు ఆ అవకాశం అప్పుడే ఉంది. గంట పని అవుతుందని చేయలేదు.

నేను టిక్ పెట్టకుండానే ఎస్ఎంబి 1 ఉన్న కంప్యూటర్లలో అది నిలకడగా ఉండదు. కంప్యూటర్ వాడకంలో ఉన్న 15 రోజుల్లో ఒక్కసారి కూడా ఎస్ఎంబి 1 అవసరం పడకపోతే విండోస్ దాన్ని తనంతట తానే తీసేస్తుంది. బాక్స్ ఆఫ్ చేసి ఊరెళ్ళి లాప్‌టాప్ మాత్రం వెంట తీసుకెళ్ళినవాళ్ళకు, తిరిగి వచ్చాక బ్యాకప్ ఎందుకు ఆగిందో దీనితో అర్థమవుతుంది.

విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చాక ఇంకో రెండు మారాయి. ప్రో ఎడిషన్లో పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా బాక్సులోకి వెళ్ళనివ్వదు. బాక్సు పంపే ప్రతి మాటకూ డిజిటల్ సంతకం కావాలంటుంది, ఆ సంతకం పాత బాక్సులకు సరిగ్గా రాదు. పిల్లలు టీవీలో ఫొటోలు చూడటానికి సులువని నేను చాలా ఇళ్ళలో గెస్ట్ పద్ధతే పెట్టాను. ఈ రెండు రక్షణలనూ ఆపేసి బాక్సును కనపడేలా చేయడం ఎలాగో ఎవరైనా మీకు చూపించవచ్చు. దయచేసి చేయించుకోకండి. నేనూ చేయను.

నిజంగా నష్టపోయిన ఇల్లు ఒకటి ఉంది. ఒంగోలులోనే, ఇంటి నుంచి చిన్న షాపులకు లెక్కలు రాసే ఆయన. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా అంతా ఇంటి కంప్యూటర్లో, బ్యాకప్ బాక్సులో. బాక్సులోని రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంటుంది. వాటిలో ఒకటి ఎప్పుడో పోయింది. అది పోయినప్పుడు బాక్స్ కూత పెట్టింది. ఇన్వర్టర్ అనుకుని ఇంట్లోవాళ్ళు వెనక బటన్ నొక్కి ఆపారు. వాళ్ళను ఏమీ అనలేం, ఆ కూత దేనికో నేను చెప్పలేదు. డిస్క్ పోతే మెయిల్ రావాలి కదా అని అడగవచ్చు. ఆ మెయిల్ నా పాత ఈమెయిల్‌కు వచ్చేలా పెట్టాను, దాన్ని 2019లోనే వాడటం మానేశాను. వాడుతున్నా లాభం లేదు: 2022 మే 30 నుంచి జీమెయిల్, భద్రత కోసం, పాత యంత్రాలను మామూలు పాస్‌వర్డ్‌తో మెయిల్ పంపనివ్వడం లేదు. మీ బాక్సులన్నిటికీ నేను పెట్టింది ఆ పద్ధతే. అంటే ఇన్నేళ్ళుగా ఏ బాక్సూ ఎవరికీ ఏమీ చెప్పలేని స్థితిలో ఉంది.

ఆయన కంప్యూటర్ పోయిన రోజుకు రెండో డిస్క్ కూడా చివరి దశలో ఉంది. రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకే బీరువా మీద ఒంగోలు ఎండాకాలాలు పది చూసినవి. ఒకటి పోతే రెండోది ఎంతకాలం ఉంటుంది? చదవలేని సెక్టార్లు, అంటే డేటా రాసే చిన్న గళ్ళు, వందల్లో ఉన్నాయి. రిపేర్ ప్రోగ్రాములు ఏవీ దాని మీద నడపకుండా, ముందు డిస్క్ మొత్తాన్ని కొత్త డిస్కులోకి సెక్టార్ సెక్టార్‌గా కాపీ చేశాను. నాలుగు రోజులు పట్టింది. చాలావరకు వచ్చింది. ఒక కిరాణా షాపు ఏడాది లెక్క మాత్రం తెరుచుకోలేదు. టాలీ తెరిచి ఉండగా బ్యాకప్ నడిచినందువల్ల, ఉన్న పాత కాపీలు కూడా సగం సగంగా ఉన్నాయి. జీఎస్టీ పోర్టల్లో వేసిన రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బిల్లు పుస్తకాలు ముందేసుకుని ఆయన, నేను, మా షాపు కుర్రాడు మూడు వారాలు కూర్చుని మళ్ళీ ఎక్కించాం. టాలీ వాడే ప్రతివాళ్ళూ రోజూ టాలీలోనే ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తో ఒక కాపీ తీసి, టాలీ మూసేశాకే మిగతా బ్యాకప్ నడవనివ్వండి.

మిగతా ఇళ్ళలో కారణాలు చిన్నవే. ఇంటర్నెట్ కంపెనీ మారి రౌటర్ మారితే బాక్స్ అడ్రస్ మారిపోయింది, కంప్యూటర్ మాత్రం పాత అడ్రస్‌కే పంపుతూ ఉంది. ఒక బాక్సులో లోపలి బటన్ సెల్ అయిపోయి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎప్పటికో వెనక్కి పోతోంది. కొత్తపట్నంలో సముద్రం దగ్గరి ఇంట్లో ఉప్పు గాలికి కేబుల్ కొనలు చిలుము పట్టాయి. గిగాబిట్ వేగానికి కేబుల్లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి. ఒకటి తెగినా వేగం 100 మెగాబిట్లకు పడిపోవచ్చు, అంటే సెకనుకు 11 ఎంబీ చిల్లర. ఆ వేగంతో 600 జీబీ పోవాలంటే 15 గంటలు. వాళ్ళు రోజూ రాత్రి పదింటికి కంప్యూటర్ ఆపేస్తారు, పూర్తి బ్యాకప్ ఒక్కసారీ చివరిదాకా చేరలేదు. ఎనభై రూపాయల కేబుల్‌తో అయిపోయిన పని అది.

నేను చేయబోయేది ఇది. నేను బాక్స్ పెట్టిన ప్రతి ఇంటికీ వస్తాను, సర్వీస్ చార్జీ తీసుకోను. ఎస్ఎంబి 1 తీసేస్తాను. రెండో వెర్షన్‌కు మారగలిగే బాక్సులకు పాస్‌వర్డ్‌తో కొత్త యూజర్‌ను చేసి, ఆ యూజర్ బ్యాకప్‌కు మాత్రమే వాడేలా పెడతాను. రోజూ మీరు వాడే లాగిన్‌తోనే బాక్సులో రాయగలిగితే, కంప్యూటర్‌కు రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) తగిలినప్పుడు బ్యాకప్‌కూ తగులుతుంది. డిస్కుల ఆరోగ్యం చూసి కాగితం మీద రాసిస్తాను. మారలేని బాక్సులకు రిటైర్మెంట్ ఇవ్వాల్సిందే, వాటిలో డేటా ముందు బయటికి తీద్దాం. కొత్తది నా దగ్గరే కొనాలని లేదు. చాలా ఇళ్ళకు అసలు కొత్త బాక్స్ అవసరమే లేదు, రెండు యూఎస్‌బీ డిస్కులు చాలు: ఒకటి ఇంట్లో, ఒకటి చీమకుర్తిలోనో సింగరాయకొండలోనో చుట్టాల ఇంట్లో, నెలకోసారి మార్చుకుంటూ. 2021 నవంబర్లో నెల్లూరు వైపు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు కంప్యూటర్, బాక్స్ రెండూ ఒకే బల్ల మీద తడిసిన ఇల్లు చూశాను. ఇంటి బయట ఒక కాపీ ఉండాలని అప్పటి నుంచి అంటూనే ఉన్నాను గానీ ఎవరి చేతా చేయించలేదు.

ప్రతి ఇంట్లో బయల్దేరే ముందు ఒక పని చేస్తాను. మీరే ఒక ఫోల్డర్ చెప్పండి, మీకు పోతే బాధ కలిగేది. దాన్ని బాక్సులోంచి తీసి నా లాప్‌టాప్‌లో మీ ముందే తెరుస్తాను. తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు లెక్క వేస్తాను. ఇది ఆరు నెలలకోసారి చేయడానికి మీ పేర్లు క్యాలెండర్లో రాసుకున్నాను.

ఈలోపు మీరు ఒక్కటి చూడండి. బాక్సులో బ్యాకప్ ఫోల్డర్ తెరిచి, అన్నిటికంటే కొత్త ఫైలు తేదీ ఏమిటో చూడండి. అది పోయిన వారానిది కాకపోతే వెంటనే ఫోన్ చేయండి. పాత కంప్యూటర్ అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి. బాక్స్ టకటకమని శబ్దం చేస్తున్నా, నారింజ లైటు వెలుగుతున్నా దాన్ని ఆఫ్ చేసి అలాగే ఉంచండి, డిస్కులు బయటికి లాగకండి, ఏ స్లాట్‌లో ఏది ఉందో తారుమారైతే నా పని కష్టమవుతుంది.

సోమవారం నుంచి లాయరుపేట, భాగ్యనగర్ ఇళ్ళతో మొదలుపెడుతున్నాను. టాలీ ఉన్న ఇళ్ళు ముందు. కందుకూరు, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు ఆదివారాలు వస్తాను. వచ్చే ముందు రోజు నేనే ఫోన్ చేస్తాను. బాక్స్ పెట్టిన రోజు నేను పాస్‌వర్డ్ రాసిచ్చిన చీటీ ఎక్కడ ఉందో వెతికి పెట్టండి.