బడి బతుకమ్మ, ఆగిన డీజే, గునుగు పువ్వు

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి బతుకమ్మ నాడు డీజే సగంలో ఆగిన సంగతి కిరాణా కొట్టు నుంచి వాట్సాప్ గ్రూపు దాకా తిరిగింది. ఆపించింది నేనే. ఆరో రోజు అలిగిందని బతుకమ్మను పేర్చం, ఆమె అలక ఆ ఒక్క రోజే. కొందరు తల్లిదండ్రుల అలక వారం దాటింది కాబట్టి ఈ ఉత్తరం.

బాక్సులు పెట్టించినవాళ్లు ప్రేమతోనే పెట్టించారు, కాదనను. కానీ ఆరో తరగతి పిల్లలు చెవులు మూసుకుని గోడ పక్కకు పోయారు. మిగతావాళ్లు బతుకమ్మకు వీపు పెట్టి సెల్‌ఫోన్ల ముందు ఆడారు. ఆ ఫోన్లు బడికి ఎవరు పంపారో అడగను, మీకు తెలుసు.

బాక్సులు ఆగాక రెండు నిమిషాలు ఎవరికీ ఏం తోచలేదు. అప్పుడు మధ్యాహ్న భోజనం వండే అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని "ఉయ్యాలో" అని ఎత్తుకుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి అందుకుంది. ఇక ఆపలేదు. కాగితం లేదు, తడబాటు లేదు. నాయనమ్మ దగ్గర నేర్చుకుందట. లెక్కల్లో ఆ పిల్లను ఎన్నిసార్లు మందలించానో! ఆ రోజు మాత్రం చప్పట్లు తప్పకుండా ఆమె వెనక తిరగడమే నాకు కష్టమైంది.

తొమ్మిదో తరగతి అబ్బాయిలు ముగ్గురు తెల్లారకముందే గుట్టకు పోయి తంగేడు తెచ్చారు. ఆడవాళ్ల పండుగకు మగపిల్లలెందుకని అడిగిన తండ్రిగారూ, మీ చిన్నప్పుడు పూలకు పోయింది ఎవరు?

వాళ్లు తేలేకపోయింది గునుగు. మా చిన్నప్పుడు మక్క చేనుకో జొన్న చేనుకో పోతే గంటలో గంప నిండేది. లేత గునుగాకు కూర కూడా వండుకునేవాళ్లం. ఇప్పుడు మూడు చేలు తిరిగినా పిడికెడు దొరకలేదు, హన్మకొండ అంగట్లో కట్టలు కొన్నాం. గునుగు కలుపు మొక్కే. కలుపుకు కూలీలు దొరకరు, గడ్డిమందు కొట్టక తప్పదంటారు, అదీ తెలుసు. కానీ గెట్ల మీద ఎందుకండీ కొట్టడం? అక్కడ పంట లేదు కదా! 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం. గునుగుకు ఏ హోదా లేదు, కనీసం గెట్టు మీద జానెడు చోటైనా వదలండి. ఎండిన గునుగులో నల్లటి సన్న గింజలుంటాయి. సెలవుల్లో పిల్లలతో వాటిని రాల్పించి పొట్లం కట్టి పంపండి, తొలకరికి బడి గోడ పొడవునా చల్లిద్దాం.

సద్దులు తెమ్మంటే నువ్వుల పొడి, పల్లి పొడి, మలీద తెచ్చిన పిల్లలున్నారు. పదకొండు మంది చిప్స్ ప్యాకెట్లు తెచ్చారు. తీరిక లేదని నాకూ తెలుసు. పల్లీలు వేయించడానికి పది నిమిషాలు చాలు.

దసరా సెలవుల తర్వాత ఎస్‌ఏ-1 పరీక్షలు, టైంటేబుల్ గేటుకు అంటిస్తాం. ఆధార్ జిరాక్సులు ఇవ్వనివాళ్లు ఇవ్వండి.

రెండు ఇత్తడి తాంబాళాలు ఆఫీసు గదిలో ఉండిపోయాయి. ఒకదాని అంచు సొట్టపోయింది, అది ముందు నుంచే ఉంది. ఎవరివో వచ్చి తీసుకెళ్లండి, సద్దుల బతుకమ్మ నాటికి మీకు కావాలి కదా.

మీ ప్రధానోపాధ్యాయురాలు