కాంట్రాల కొకైన్ ఊసెత్తరేం?

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికా అధ్యక్షుడు రీగన్ హయాంలో డ్రగ్స్ మీద జరిగిన యుద్ధం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. బాగానే ఉంది గానీ, అంత పెద్ద వ్యాసంలో మధ్య అమెరికా దేశం నికరాగ్వా పేరే లేకపోవడం ఏంటండీ?

1979లో అక్కడి నియంత సొమోజాను కూలదోసి శాండినిస్టాలనే వామపక్ష విప్లవకారులు అధికారంలోకి వచ్చారు. వాళ్లను దించడానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కాంట్రాలనే తిరుగుబాటుదారులను పెంచి పోషించింది. 1984లో బోలాండ్ సవరణతో అమెరికా కాంగ్రెస్ ఆ డబ్బు ఆపేసింది, అయినా వైట్‌హౌస్‌లో పనిచేసే ఆలివర్ నార్త్ దొడ్డిదారిన నడిపిస్తూనే ఉన్నాడు. ఇరాన్‌కు ఆయుధాలమ్మి ఆ లాభం కాంట్రాలకు మళ్లించడం 1986లో బయటపడి పెద్ద రచ్చయింది, అది చాలామందికి గుర్తే. కొకైన్ సంగతే ఎవరూ ఎత్తరు.

సెనేటర్ జాన్ కెర్రీ ఉపసంఘం 1989లో ఇచ్చిన నివేదిక చూడండి. కాంట్రాలకు 'మానవతా సాయం' చేరవేయడానికి అమెరికా విదేశాంగ శాఖ పెట్టుకున్న కంపెనీల్లో నాలుగు డ్రగ్స్ వ్యాపారులవేనట, వాటికి కట్టింది 8 లక్షల డాలర్ల పైమాటే. గిట్టనివాళ్లు పుట్టించిన పుకారు కాదిది, సెనేట్ రికార్డు.

అంతకన్నా ఒళ్లు మండేది ఇంకోటుంది. సీఐఏకు పనిచేసి పెడుతూ దాని ఉద్యోగులు కానివాళ్లు డ్రగ్స్ నేరాలు చేస్తే, ఆ సంగతి న్యాయశాఖకు చెప్పక్కర్లేదన్నట్టుగా 1982లో ఆ శాఖ అధిపతి అటార్నీ జనరల్‌కూ సీఐఏ డైరెక్టర్‌కూ మధ్య రాతపూర్వకంగా ఒప్పందం జరిగింది! 1995 దాకా అది నడిచింది. మరి అదే ప్రభుత్వం 1986లో తెచ్చిన చట్టం ప్రకారం వీధిలో 5 గ్రాముల క్రాక్ (పొగ పీల్చే రకం చవక కొకైన్) అమ్ముతూ దొరికినవాడికి కనీసం ఐదేళ్ల జైలు పడేది. ఆ జైళ్లకు ఎక్కువగా పోయింది నల్లజాతి కుర్రాళ్లే.

1996లో శాన్ హోసే మెర్క్యురీ న్యూస్ విలేకరి గ్యారీ వెబ్ ఇదంతా మళ్లీ తవ్వాడు. కాంట్రాలతో సంబంధమున్న బ్లాండన్, మెనెసెస్ అనేవాళ్లు కాలిఫోర్నియాలో కొకైన్ అమ్మి కొంత డబ్బు కాంట్రాలకు పంపారని రాశాడు. అతని కథనంలో అతిశయోక్తులు ఉన్నాయి, కాదనను. కానీ పెద్ద పత్రికలు చేసిందేంటి? న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్, లాస్ ఏంజెలిస్ టైమ్స్ మూడూ సీఐఏను వదిలేసి ఒక చిన్న పత్రిక విలేకరి మీద పడ్డాయి, చివరికి అతను ఉద్యోగమే వదులుకున్నాడు. 1998లో సీఐఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే (సంస్థ లోపలి తప్పుల్ని విచారించే అధికారి), డ్రగ్స్ ఆరోపణలున్నవాళ్లతో సంస్థ సంబంధాలు తెంచుకోలేదని ఒప్పుకుంటే అది మాత్రం లోపలి పేజీల్లోకి పోయింది. అప్పటికి అందరి కళ్లూ అధ్యక్షుడు క్లింటన్, మోనికా లూయిన్‌స్కీల గొడవ మీదే ఉన్నాయి లెండి.

యూట్యూబ్‌లో కొందరు చెప్పినట్టు సీఐఏ స్వయంగా కొకైన్ అమ్మిందని ఎక్కడా రుజువు కాలేదు. తెలిసీ ఊరుకుంది, అదే నా పాయింటు. ఆ వ్యాసం రాసినవారితో రెండో భాగం రాయించండి. కెర్రీ నివేదిక, ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

– ఒక పాఠకుడు, గుంటూరు