తమ్ముడి నుదుటి మీద గీత

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరే బావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటిపోయింది, కోప్పడకు. రెండుసార్లు రాయడం మొదలుపెట్టాను. రెండుసార్లూ షాపుకి ఎవరో రావడం, కాగితం బిల్లుబుక్కులోనే ఉండిపోవడం. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు అలాగే ఉంది. మహేంద్రతనయ నిండుగా పారుతోంది. పదకొండో ఇడ్లీ సంగతి నేను మర్చిపోలేదని పిన్నికి చెప్పు. మిగతా కబుర్లు తరవాత. నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టని విషయం ఒకటుంది.

చిన్నోణ్ణి తీసుకుని హైదరాబాద్ వెళ్ళొచ్చాను. జుట్టు నాటించడానికి.

వాడి తల నీకు గుర్తుందిగా? తాతయ్య కొమ్ము దువ్వెన పెడితే పళ్ళు ఇరుక్కుపోయేవి. ఇప్పుడు వాడికి 25. రెండేళ్ళలో నుదురు నడినెత్తి దాకా వెళ్ళిపోయింది. టెక్కలి సంబంధం వాళ్ళు ఏ కబురూ పంపలేదు. బరంపురం వాళ్ళయితే మొహం మీదే అడిగారు, అబ్బాయికి నిజంగా పాతికేళ్ళేనా అని. వాడు కాఫీ గ్లాసు కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి టోపీ తియ్యడు, అన్నం తినేటప్పుడు కూడా. అది చూసి అమ్మ గాజులు తీసి నా ముందు పెట్టింది. నేను వద్దని, లక్షన్నర చీటీ పాడితే లక్షా ఇరవై వేలు చేతికొచ్చాయి.

మీ బావమరిది కూడా నాగ్‌పూర్‌లో చేయించుకుంటానంటున్నాడని రాశావు కదా, అందుకే లెక్క వివరంగా రాస్తున్నా. వాడికి చదివి వినిపించు.

క్లినిక్కు వాళ్ళు ఫోన్లో గ్రాఫ్ట్‌కి 35 రూపాయలన్నారు. గ్రాఫ్ట్ అంటే ఒక్క వెంట్రుక కాదు, ఒక కుదురు. అందులో ఒకటి నుంచి నాలుగు దాకా వెంట్రుకలుంటాయి. 2,500 పడతాయన్నారు. అంటే 87,500. చీటీ డబ్బు సరిపోతుంది, దారి ఖర్చులూ వచ్చేస్తాయి అని ధైర్యంగా పలాసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బండిలో చిన్నోడు ఎన్నాళ్ళకో నవ్వుతూ మాట్లాడాడు, నీ గొడుగు కథ కూడా వాడే ఎత్తాడు.

క్లినిక్కులో తెల్లకోటు వేసుకున్న ఒకావిడ కూర్చోబెట్టి, కెమెరాతో వాడి నెత్తి పెద్ద తెర మీద చూపించింది. వాడు చూడలేక తల దించేసుకున్నాడు. ఆవిడ మార్కర్ తీసి వాడి నుదుటి మీద, కనుబొమలకి పైన, ఈ చివర నుంచి ఆ చివరకి వంపుగా ఒక గీత గీసింది. "ఇక్కడి దాకా జుట్టు వస్తుంది" అని అద్దం చేతికిచ్చింది. బావా, వాడి మొహం నువ్వు చూసి ఉండాల్సింది! ఆ గీత మీద వేలు పెట్టి, ఏదో తగిలినట్టు నెమ్మదిగా రాసుకున్నాడు. ఆ క్షణంలో ఇల్లు అమ్మమన్నా అమ్మేసేవాణ్ణి.

అప్పుడు తీసింది కాగితం. 2,500 చాలవు, 3,200 కావాలట. 35 రేటు టెక్నీషియన్లు చేస్తేనట, డాక్టరు గారే చేస్తే 60. అంటే 1,92,000. దాని మీద జీఎస్టీ 18 శాతం, 34,560. వైద్యానికి పన్ను ఉండదు కదా అన్నాను. జుట్టు నాటడానికి ఆ మినహాయింపు వర్తించదట. ఊరికొచ్చాక మన ఆడిటర్ గారిని అడిగితే అది నిజమేనన్నారు. ఇన్సూరెన్సు కూడా రాదు, అందం కోసం చేయించుకునేది కదా. పైగా పీఆర్‌పీ అట, అంటే మన రక్తం లోంచే తీసిన ద్రవాన్ని తలలోకి సూదితో ఎక్కించడం, అది నాలుగు సిట్టింగులు, ఒక్కోటి 5,000. మొత్తం 2,46,560. లక్షలోపు అనుకుని వెళ్ళినవాణ్ణి! ఈ రోజే అడ్వాన్సు కడితే 20 వేలు తగ్గిస్తామంది. నా చెయ్యి ఫోన్ మీదే ఉంది, అమ్మకి చేసి ఆ గాజులు తాకట్టు పెట్టమని చెబుదామని.

చిన్నోడు అడిగాడు, "మేడం, డాక్టర్ మీరేనా?" కాదట, కౌన్సెలరట. "డాక్టరు గారిని చూడొచ్చా?" ఆపరేషన్ రోజు వస్తారట. వాడు లేచి టోపీ పెట్టుకుని, "అన్నయ్యా, పద" అన్నాడు. అంతే. నేను వాడి వెనకాల నడిచాను.

మర్నాడు ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం, చర్మం డాక్టరు. ఆయన వాడి తల చేత్తో పట్టుకుని, పాయలు విడదీసి ఐదు నిమిషాలు చూశారు. ఇంకా ఊడుతున్న తల ఇది, ఇప్పుడు నుదుటి దగ్గర నాటేస్తే, దాని వెనకున్న సొంత జుట్టు ఊడిపోయి నాటిన చారిక ఒక్కటే మిగులుతుంది అన్నారు. నాటడానికి కుదుళ్ళు తల వెనక భాగం నుంచి తీస్తారు, తీసిన చోట మళ్ళీ మొలవదు. ఆకుమడిలో నారు ఉన్నంతే కదా బావా, ముందే ఖర్చుపెట్టేస్తే తరవాత ఎక్కణ్ణించి తెస్తాం? ఏడాది పాటు మందు వాడి చూద్దామన్నారు. తలకి మినాక్సిడిల్, నోటికి ఫినాస్టెరైడ్. మొదటి వారాల్లో ఇంకా రాలుతుంది, హడలిపోవద్దు, ఒంట్లో ఏ తేడా వచ్చినా ఆపి ఫోన్ చెయ్యి అని వాడికే చెప్పారు, నాకు కాదు. ఆ మర్యాద నాకు నచ్చింది. ఒకవేళ నాటించుకున్నా, నాటినవి నెల తిరక్కుండా రాలిపోయి మూడు నాలుగు నెలలకి మొలకెత్తుతాయట, పూర్తిగా తెలియడానికి ఏడాది. ఇది క్లినిక్కులో ఒక్కరూ చెప్పలేదు. ఆయన ఫీజు 600.

మీ బావమరిదికి ముఖ్యంగా ఇది చెప్పు: గ్రాఫ్ట్ రేటు కాదు, కత్తి ఎవరి చేతిలో ఉంటుందో ముందు అడగమను. పన్నుతో కలిపి మొత్తం కాగితం మీద రాయించుకోమను. ఆ రోజే డబ్బు కట్టమంటే

ఉండు, చిన్నోడు వచ్చాడు.

ఆ గీత సంగతి చెప్పలేదు కదూ. సబ్బుతో రుద్దినా పోలేదు. బండిలో తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. గుమ్మంలో అమ్మ తువ్వాలు తీసి చూసి, ఏమీ అడక్కుండా కొబ్బరినూనె చేత్తో తీసుకుని, వాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని తుడిచింది. వాడు కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు. నేను షాపుకని వచ్చేశాను, అక్కడ నిలబడలేక.

మందు మొదలుపెట్టి 19 రోజులైంది. రాలుతోంది, వాడు లెక్కపెడుతున్నాడు. నిన్న మాత్రం టోపీ లేకుండా కూరగాయలకి

పక్కింటాయన భిలాయ్ బయల్దేరి గుమ్మంలో నిలబడ్డారు, ఉత్తరం ఇచ్చెయ్యమంటున్నారు. జీడిపప్పు కిలో పంపుతున్నా, పిన్నికి ఇవ్వు.

నీ
బావ