కట్టెలు తెచ్చి పేర్చిపెట్టిన అన్నయ్యకు కృతజ్ఞతలు

అమెరికాలో, డెట్రాయిట్ దగ్గరి నోవై ఊరి పక్కన రోడ్డు మీద 'ఫ్రీ' అని రాసిపెట్టిన దుంగలనీ, మా చిన్న కారు డిక్కీనీ మార్చి మార్చి చూసి, నవ్వాపుకుంటూ పికప్ ట్రక్కు ఆపిన తెలుగు అన్నయ్యకు వెయ్యి దండాలు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

అవి ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు చంపిన యాష్ చెట్టువి. 2002లో డెట్రాయిట్ ప్రాంతంలో బయటపడ్డ పురుగు అది. బెరడు ఊడదీసి, లోపల పురుగు తొలిచిన మెలికల దారులు గోరుతో చూపించారు. ఇలాంటి కట్టెల్ని దూరం మోసుకెళ్తే పురుగూ వెంట వస్తుందట. అందుకే మా ఇల్లు పక్కనేనని తెలిశాకే దుంగల మీద చెయ్యి వేశారు.

ఇక పేర్చడం! నేల తేమ తగలకుండా అడుగున పాత ప్యాలెట్లు (సరుకు పెట్టే చెక్క పలకల చట్రాలు). రెండు కొసలా అడ్డం, నిలువు మార్చి మార్చి పేర్చిన స్తంభాలు. టార్పాలిన్ పైన మాత్రమే, పక్కలు గాలికి వదిలేయాలి. ఓక్ ముక్కలేమైనా ఉంటే వాటికి వేరే వరస, అవి ఆరడానికి రెండేళ్లయినా పట్టొచ్చు. రెండు కట్టెలు కొట్టి వినిపించారు కూడా: ఎండినవి ఖంగుమన్నాయి, పచ్చివి దబ్బుమన్నాయి.

ట్రక్కు పెట్రోలుకు డబ్బులిస్తే కోప్పడ్డారు. మా ఆవిడ ఇచ్చిన గోంగూర పచ్చడి మాత్రం కాదనలేదు. సీసా ఖాళీ అయ్యాక పట్టుకురండి అన్నయ్యా, మళ్లీ నింపిస్తాం.