కారులో పడక వేసుకోబోయే బిడ్డకు

బిడ్డా,

ఊళ్లు తిరుగుతూ రాత్రిళ్లు కారులోనే పడుకుంటామని నువ్వు రాసిన ఉత్తరం, కారు ఫోటోలు అందాయి. మీ అమ్మ, నేను కలిసి చూశాం. వ్యాగన్ ఆర్ తీసుకోవడం మంచి పనే. కప్పు ఎత్తుగా ఉంటుంది, లోపల కూర్చుని తల వంచకుండా బట్టలు మార్చుకోవచ్చు. అయితే వెనక సీటు బోల్టులు విప్పి తీసేసి, చెక్క శాశ్వతంగా బిగిస్తామని రాశావే, ఆ పని మాత్రం చేయకండి. ఎంతమంది కూర్చునే బండో ఆర్సీలో రాసి ఉంటుంది. దానికి తేడా వచ్చేలా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఏదైనా ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా చిక్కులొస్తాయి. పైకప్పుకు రంధ్రం కోసి ఫ్యాను పెట్టాలన్న అల్లుడుగారి ఆలోచన కూడా మానుకోమని చెప్పు. పడక సాయంత్రం పరుచుకుని పొద్దున మడిచేదిగా, ఇంటికొచ్చాక తీసి ఇంట్లో పెట్టుకోగలిగేదిగా ఉండాలి.

వెనక సీటు వీపు ముందుకు మడిస్తే డిక్కీ నేలా, సీటు వీపూ ఒకే ఎత్తులో ఉండవు. ఆ తేడా పూడ్చడానికీ, ముందు సీట్లకూ వెనక సీటుకూ మధ్య కాళ్లు పెట్టుకునే గుంత మీద వంతెనలా నిలవడానికీ మాత్రమే చెక్క కావాలి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు, అడుగున సన్నటి చట్రం కొట్టిస్తే వంగదు. 18 మిల్లీమీటర్లది వద్దు, అనవసరపు బరువు. 12 మిల్లీమీటర్లదే నిండు షీటు ఇరవై కిలోలు దాటుతుంది. షీటు మీద ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకోండి, అది తేమకు తట్టుకునే రకం. మూడు ముక్కలుగా కోయించండి. డిక్కీ వైపు ముక్క మిగతా వాటిని కదిలించకుండానే పైకి లేవాలి. ఎందుకంటే స్టెప్నీ, జాకీ దాని కిందే ఉంటాయి. అర్ధరాత్రి పంక్చరైతే పరుపూ పలకలూ అన్నీ రోడ్డు మీద పరవాల్సి రాకూడదు.

పడుకునేటప్పుడు తలలు ముందు సీట్ల వైపు, కాళ్లు డిక్కీ వైపు పెట్టుకోండి. వెనక చక్రాల ఉబ్బుల మధ్య ఇరుకు, తలుపుల దగ్గర భుజాలకు చోటు దొరుకుతుంది. అల్లుడుగారు పొడగరి కాబట్టి ఎడమ వైపు ఆయన పడుకోవాలి. అటు ముందు సీటును పట్టాల మీద ముందుకు చివరిదాకా జరపవచ్చు. నీకు అంత పొడవు అక్కరలేదు కనుక డ్రైవరు సీటును కొద్దిగా జరిపితే సరిపోతుంది. రాత్రి ఎప్పుడైనా ఆ చోటు బాగాలేదనిపిస్తే, బండి దిగకుండానే స్టీరింగు దగ్గరికి చేరుకుని కదిలిపోగలగాలి. తాళంచెవి ఎప్పుడూ ఒకే చోట పెట్టండి.

ఇక గాలి. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది దీని గురించే. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తుకుని దూరాలు తిరిగిన రోజుల్లో నాకు లారీ క్యాబినే పడకగది. ఎంత చలిలోనైనా రెండు వైపులా అద్దాలు కొంచెం దించే పడుకునేవాణ్ణి. కారు క్యాబిన్ కంటే చిన్నది. అద్దాలన్నీ బిగించుకుంటే ఇద్దరి ఊపిరికీ తెల్లవారేసరికి అద్దాల మీద నీళ్లు కారతాయి, తల బరువెక్కుతుంది. ఎదురెదురు మూలల్లో ఒక ముందు అద్దం, ఒక వెనక అద్దం రెండేసి వేళ్ల మందాన దించండి. వాన పడినా తెరిచి ఉంచగలిగేలా తలుపులకు అద్దం పైన చూరులా ఉండే రెయిన్ వైజర్లు పెట్టించండి. మీ అమ్మ దోమతెర గుడ్డతో, తలుపుకు పైనుంచి తలగడ గలేబులా తొడిగేవి కుడతానంటోంది. అవి అద్దం బయట ఉంటాయి కాబట్టి అద్దం ఎంత దించినా దోమ రాదు. లోపలి తెరలకు పోచంపల్లి గుడ్డ కూడా తీసి పెట్టింది. బూరుగు దూది పరుపు కూడా చేయిస్తానంటే నేనే వద్దన్నాను. అది చెమ్మ పీలుస్తుంది. మూడు మడతలయ్యే రెండంగుళాల ఫోమ్ నయం.

ఇంజను ఆన్ చేసి ఏసీ వేసుకుని ఎన్నడూ నిద్రపోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలో ప్రాణవాయువు చోటును అది ఆక్రమిస్తుంది, నిద్రలో ఉన్నవారికి తెలియనే తెలియదు. వాన పడుతున్నా సరే, గ్యాస్ స్టవ్ కూడా లోపల వెలిగించకూడదు. ఈ రెండు మాటలూ అల్లుడుగారికి చదివి వినిపించు. ఫ్యానుకు కారు బ్యాటరీ వాడితే పొద్దున బండి స్టార్టు కాకపోవచ్చు. 12 వోల్టుల, 20 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ విడిగా కొనుక్కోండి. ఒక ఆంపియరు తీసుకునే చిన్న ఫ్యాను దాని మీద రాత్రంతా తిరిగినా సగం ఛార్జి మిగులుతుంది. బ్యాటరీ దగ్గర, తీగ మొదట్లోనే ఫ్యూజు ఉండాలి.

అయినా ఎండాకాలంలో ఫ్యాను కూడా కాపాడదు. మన నల్లగొండలో మే నెలలో 44 డిగ్రీలు దాటుతుంది, పగలంతా కాగిన బండరాళ్లు రాత్రి కూడా వేడి కక్కుతూనే ఉంటాయి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా తిరగండి.

మొదటిసారి కొల్లాపూర్ దాటి సోమశిల వెళ్లండి. కృష్ణ ఒడ్డున పర్యాటక శాఖ కాటేజీలున్నాయి. అడిగి, మనుషులున్న చోటనే బండి నిలుపుకోండి. ఇసుకలోకి దిగవద్దు. సాగర్ వెళ్లినా డ్యాం కింది వైపు ఏటి ఒడ్డున పడుకోవద్దు, పైనుంచి నీళ్లు ఎప్పుడు వదులుతారో చెప్పలేం. శ్రీశైలం దారి సంగతి వేరు. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను పోనివ్వరు. అడవిలో ఆగి పడుకోవాలన్న ఆలోచనే వద్దు.

నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. మర్రిగూడ, మునుగోడు వైపు చేతిపంపు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లను నువ్వు చూశావు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. అయితే ఇరవై లీటర్ల క్యాను ఇరవై కిలోల బరువు. దాన్ని పలక కింద, ముందు సీటుకు ఆనించి పెట్టి కట్టేయండి. సడన్ బ్రేకు వేస్తే వదులుగా ఉన్న వస్తువేదైనా మీ మీదికే వస్తుంది, పలకలకూ అదే వర్తిస్తుంది. టైర్లలో ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు చట్రం మీద చీటీ ఉంటుంది. సామాను ఎక్కించాక ఆ లెక్కకు సరిచూసుకోండి.

ప్లైవుడ్ అక్కడ కోయించకండి, ఆదివారం కారు తీసుకుని వచ్చేయండి. మన వీధి వడ్రంగితో మాట్లాడి ఉంచాను, మీ ఇద్దరినీ లోపల పడుకోబెట్టి కొలతలు తీసుకుంటానన్నాడు. వచ్చేటప్పుడు ఆర్సీ, బీమా కాగితాలు కూడా పట్టుకురా, పాత యజమాని పేరు మారిందో లేదో చూడాలి.

మీ నాన్న