మన దుకాణం సిస్టమ్ బాగైంది, కొన్ని ఫైళ్ళు మాత్రం పోయాయి

మన డీటీపీ దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం.

పోయిన కార్తీకంలో ఒక లగ్గపత్రిక నాలుగు రోజులు ఆలస్యంగా ఇచ్చాను. పిల్ల తండ్రి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి బల్ల ముందు నిలబడేవాడు. "ఇంకా ఎప్పుడు అచ్చేస్తవ్, ఎప్పుడు పంచాలె?" అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన దగ్గర కంపోజింగ్ డబ్బులు తీసుకోలేదు, కానీ దాంతో ఆయన పడ్డ టెన్షన్ తీరదు. ఆ ఆలస్యానికి కారణం ఏమిటో, తర్వాత ఏం చేశానో మీకు చెప్పాలి. ఎందుకంటే మీలో కొందరి ఫైళ్ళు కూడా పోయాయి.

పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు అన్నీ తయారయ్యే సిస్టమ్ 2013లో కొన్నది. మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ), ఫైళ్ళు దాచే 500 జీబీ హార్డ్ డిస్క్. పొద్దున స్విచ్ వేసి, దుకాణం ఊడ్చి, దేవుడికి అగరుబత్తి వెలిగించి వచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో పత్రిక, ఫోటోషాప్‌లో ఫోటో రెండూ తెరిస్తే మౌస్ కదలదు. గడియారం రోజూ వెనక్కి పోయి ఎప్పటిదో తేదీ చూపించేది. దాంతో ఏ ఫైలు నిన్నటిదో, ఏది పోయినేడుదో తెలిసేది కాదు. మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ళ బ్యాటరీ అయిపోతే అట్లా అవుతుంది. నలభై రూపాయల బ్యాటరీ. దాన్ని కూడా ఏడాది పాటు మార్చకుండా లాక్కొచ్చాను, అది నా తప్పే.

ఆ పత్రిక పని మధ్యలోనే హార్డ్ డిస్క్ టక్ టక్‌మని చప్పుడు చేయడం మొదలైంది. మెకానిక్ తమ్ముడు డిస్క్ బాగుందో లేదో చెప్పే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెట్టి చూపిస్తే పసుపు రంగులో హెచ్చరిక ఉంది. పాడైన సెక్టార్లు, అంటే డిస్క్‌లో ఫైళ్ళు ఉండే చిన్న చిన్న గళ్ళు, పెరిగిపోతున్నాయి. "అన్నా, ఇప్పుడే ఆపెయ్, ఎంత నడిపిస్తే అంత పోతది" అన్నాడు. ఆపి, వేరే సిస్టమ్‌కి తగిలించి కాపీ చేశాం. చాలావరకు వచ్చాయి. 2022, 2023 ఫోల్డర్లు మాత్రం సగానికి పైగా తెరుచుకోలేదు. రికవరీ వాళ్ళు పన్నెండు వేలు అడిగారు, వస్తాయన్న హామీ మాత్రం ఇవ్వలేదు. వద్దనుకున్నాను.

కొత్త సిస్టమ్‌కి కొటేషన్ అడిగితే 46,000 అన్నారు. నెల ముందు అడిగినప్పుడు ఇంత లేదు. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు తరలిపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. అంత డబ్బు పెడితే పత్రికకు రూపాయో, రెండు రూపాయలో పెంచి మీ దగ్గరే రాబట్టుకోవాలి. ఐదు వందల పత్రికలు వేయించుకునే ఇంటికి అది చిన్న బరువు కాదు. అందుకే పాతదాన్నే బాగు చేయించాలని నిర్ణయించుకున్నాను.

మాఘమాసం కూడా మూఢంలోనే పోయింది కాబట్టి పని తక్కువ. ఆ రోజుల్లోనే ఒకసారి పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ పోయి కంప్యూటర్ సామాన్లు అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగాను. హార్డ్ డిస్క్ బదులు వేసే 480 జీబీ ఎస్ఎస్‌డీ 3,900. పాత డీడీఆర్3 ర్యామ్ నాలుగేసి జీబీవి రెండు 1,100. లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ 1,450. బ్యాటరీ 40, ప్రాసెసర్ వేడెక్కకుండా పూసే థర్మల్ పేస్ట్ 150, మెకానిక్ కూలి 600. మొత్తం 7,240 రూపాయలు. ఒక షాపులో గ్రాఫిక్స్ కార్డు కూడా వేసుకోమన్నారు. లగ్గపత్రికలకు, బిల్లు బుక్కులకు దాని అవసరం లేదు.

ఎక్కువ తేడా తెచ్చింది ఎస్ఎస్‌డీయే. హార్డ్ డిస్క్‌లో పళ్ళెం తిరుగుతుంటే ముల్లు జరిగి జరిగి ఒక్కొక్క ముక్కను వెతకాలి. ఇందులో తిరిగేదేమీ లేదు. నా మదర్‌బోర్డు పాత హెచ్61 రకం, డిస్క్ తగిలించే దాని సాటా పోర్టులు సెకనుకు 300 ఎంబీ దాటనివ్వవు. కాబట్టి ఎస్ఎస్‌డీ పూర్తి వేగం నాకు అందదు. అయినా స్విచ్ వేసిన అర నిమిషంలో పని మొదలుపెడుతున్నాను. ఇంతకుముందు 32 బిట్ విండోస్ 7 ఉండేది. అది 4 జీబీకి మించి ర్యామ్ వాడుకోలేదు. ర్యామ్ ఎంత వేసినా దండగే అయ్యేది. అందుకని 64 బిట్ విండోస్ 10 ఎక్కించాం.

ఎక్కించిన మొదటి రోజు నా గుండె జారిపోయింది. పాత పత్రిక తెరిస్తే శ్రీరస్తు, శుభమస్తు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. పత్రికలోని తెలుగు అక్షరాలు చూపించే అను ఫాంట్లు ఇంకా వేయలేదు, అందుకే అట్లా కనిపించింది. ఫాంట్లు వేసి, పేజ్‌మేకర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచేలా పెట్టాక వధూవరుల పేర్లు మళ్ళీ తెలుగులో కనిపించాయి. అప్పుడు గానీ అన్నం తినబుద్ధి కాలేదు.

ఒక విషయం దాచను. విండోస్ 10కి సాధారణ సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరమో, ఆపైనో కావాలి, మనది మూడోది. అందుకే ఈ సిస్టమ్‌కి నెట్ తీసేశాను. ఇందులో కంపోజింగ్ ఒక్కటే చేస్తాను. ఆన్‌లైన్ దరఖాస్తులు, మీరు వాట్సాప్‌లో పంపే ఫోటోలు లాప్‌టాప్‌లోనే చూస్తాను. అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లో ఇటు తెచ్చుకోవాలి కాబట్టి మీకు ఒక ఐదు నిమిషాలు ఆలస్యం కావచ్చు, ఏమనుకోకండి.

పాత హార్డ్ డిస్క్‌లో మీ ఆధార్ కాపీలు, పాస్ ఫోటోలు ఉన్నాయి. పాత సామాను కొనేవాళ్ళు రెండు వందలిస్తామన్నారు, ఇవ్వలేదు. పళ్ళెం మీద డ్రిల్లుతో మూడు రంధ్రాలు పెట్టించి పక్కన పెట్టాను. ఇకపై దరఖాస్తు పని అయిన రోజే మీ ఆధార్ కాపీ తీసేస్తాను. పత్రికల ఫైళ్ళు మాత్రం ప్రతి శనివారం సాయంత్రం వేరే డిస్క్‌లోకి కాపీ చేసి ఇంటికి తీసుకుపోతున్నాను.

రేట్లు పోయినేడువే. వివరాలు పొద్దున ఇస్తే సాయంత్రానికి ప్రూఫ్ ఇస్తాను. పేర్లు మాత్రం కాగితం మీద రాసివ్వండి. వాట్సాప్‌లో వచ్చిన తెలుగును అను ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒక్కోసారి ఒత్తులు జారుతున్నాయి, మీ కాగితం పక్కన పెట్టుకుంటే సరిచూసుకోగలను.

2022, 2023లో మన దగ్గర పత్రికలు, బిల్లు బుక్కులు, లెటర్‌హెడ్‌లు చేయించుకున్నవాళ్ళు ఇంట్లో ఒక కాపీ ఉంటే తీసుకురండి. అదే డిజైన్ మళ్ళీ కూర్చి పెడతాను, కంపోజింగ్ డబ్బులు తీసుకోను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వస్తే నేను ఖాళీగా ఉంటాను, మీ ముందే కూర్చుని చేసిస్తాను.